రొస్సీని పుట్టినరోజు కచేరీ తయారీ: నా అనుభవం

సంగీతకర్త జొయకీనో రొస్సీని 1792 ఫిబ్రవరి 29న, ఇటలీ తూర్పు తీరంలోని పెసరో ఊళ్లో పుట్టాడు. నాలుగేళ్లకోసారి వచ్చే తేదీ కాబట్టి అసలైన పుట్టినరోజు కచేరీ లీపు సంవత్సరంలోనే కుదురుతుంది. మిగతా ఏళ్లలో ఫిబ్రవరి ఆఖరు రోజుల్లోనో మార్చి మొదట్లోనో పెట్టుకుంటారు. 1800 లీపు సంవత్సరం కాలేదు కాబట్టి, 1868 నవంబరు 13న పారిస్ శివారు పాస్సీలో కన్నుమూసేనాటికి 76 ఏళ్ల ఆ మనిషి జీవితంలో వచ్చిన పుట్టినరోజులు పద్దెనిమిదే. 39 ఒపేరాలు, అంటే పాటలతో నడిచే నాటకాలు, రాశాడు. చివరిది 1829లో పారిస్‌లో ప్రదర్శించిన విలియం టెల్. ఆస్తిని పెసరో పురపాలక సంఘానికి రాసి ఇచ్చాడు. ఆ ఊళ్లో ఇవాళ ఉన్న సంగీత కళాశాల ఆ డబ్బుతో పుట్టిందే. అందుకే పెసరోలో ఈ పుట్టినరోజు ఊరి పండగ.

నేను ఆర్కెస్ట్రా మ్యూజిక్ లైబ్రరీలో పనిచేస్తాను. వాద్యకారుల ముందుకు చేరే ప్రతి కాగితమూ, ఆ కాగితం మీద ప్రతి పెన్సిల్ గీతా నా చేతుల మీదుగా వెళ్తాయి. స్టేజి మీద కుర్చీల అమరిక కూడా స్టేజి మేనేజరుతో కలిసి చూసుకుంటాను. రొస్సీని ఓవర్చర్లతో, అంటే ఒపేరాలో తెర లేవకముందు ఆర్కెస్ట్రా ఒక్కటే వాయించే ప్రారంభ సంగీతంతో, ఒక సాయంత్రం కచేరీ తయారు చేసేటప్పుడు ఏది ఎందుకు చెడుతుందో, ముందే ఏం చూసుకోవాలో రాస్తున్నాను. అమెరికాలోనో ఇంగ్లండులోనో స్కూలు ఆర్కెస్ట్రాలో వయొలిన్, చెల్లో వాయించే మన పిల్లలకి ఈ ఓవర్చర్లు ఎప్పుడో ఒకప్పుడు తగులుతాయి. వాళ్లకీ పనికొస్తుంది.

ఈ సంగీతంలోని పెద్ద ప్రమాదం, ఇది అందరికీ తెలిసిన సంగీతం కావడమే. ‘సెవీల్ మంగలి (బార్బర్ ఆఫ్ సెవీల్) ఓవర్చర్ ఎవరికి రాదు?’ అనుకుని రిహార్సల్ సమయం కోసేస్తారు. కానీ రొస్సీని అల్లిక పలచగా ఉంటుంది. ఒక చోట వయొలిన్లు మాత్రమే, ఇంకో చోట ఒబో అనే గాలి వాద్యం ఒక్కటే, కింద నాలుగు తీగల మీటులు. పెద్ద సింఫనీల్లో డెబ్బై మంది మోతలో కలిసిపోయే చిన్న తడబాటు ఇక్కడ చివరి వరుసకి కూడా స్పష్టంగా వినిపిస్తుంది. కాబట్టి ఉన్న కాస్త సమయంలో మొదటి నిమిషం నుంచే సంగీతం పని జరగాలి. పార్టులు (ఒక్కో వాద్యానికి విడిగా రాసిన సంగీతపు కాగితాలు), కుర్చీలు, దీపాలు, స్టాండ్ల పని అంతా అంతకుముందే పూర్తయి ఉండాలి.

కార్యక్రమం ఎంచుకునేటప్పుడు నిడివి కన్నా ముందు పెదవులు, రీడ్లు (ఒబోలాంటి వాద్యాల్లో నోట పెట్టి ఊదే పలచని రెల్లు ముక్కలు), చేతుల అలసట లెక్క చూడాలి. నాకు బాగా నచ్చిన క్రమం ఇది. మొదటి సగంలో ఇల్ సిన్యోర్ బ్రుస్కీనో (5 నిమిషాలు), లా స్కాలా ది సేతా (6), తీగ వాద్యాలకి రాసిన ఒక సొనాటా (12), సెమీరామిదే (12). విరామం తర్వాత లా గాత్సా లాద్రా (10), సెవీల్ మంగలి (7), విలియం టెల్ (12). మొదటి రెండిట్లో ట్రంపెట్లు లేవు, టింపనీ అనే పెద్ద డోళ్లూ లేవు. ఆర్కెస్ట్రా చిన్నగా మొదలై పెరుగుతుంది. సొనాటా రొస్సీని 1804లో, పన్నెండేళ్ల వయసులో రాసిన ఆరింటిలో ఒకటి. రెండు వయొలిన్లు, ఒక చెల్లో, ఒక డబుల్ బాస్ కోసం రాశాడు, వయోలా లేదు. పుట్టినరోజు కచేరీలో చిన్నప్పటి రచన ఒకటి ఉండడం అందం. దానికి తోడు గాలి వాద్యాల వాళ్లందరికీ పన్నెండు నిమిషాల ఊపిరి దొరుకుతుంది. బృందంగా వాయించేటప్పుడు బాస్‌లు ఇద్దరే చాలు. ఆ వేగమైన బాస్ పంక్తిని నలుగురు కలిసి వాయిస్తే మసకబారుతుంది.

సొనాటా తర్వాత సెమీరామిదే పెట్టడంలో ఒక చిక్కుంది. దాని నెమ్మది భాగంలో నాలుగు హార్న్‌లు, దాదాపు వాటంతట అవే, మెత్తగా ఒక పాట పాడతాయి. పన్నెండు నిమిషాలు ఊరికే కూర్చుని చల్లబడ్డ హార్న్‌తో అది మొదలుపెడితే మొదటి స్వరమే పగలొచ్చు. అందుకే సొనాటా సమయంలో హార్న్ వాళ్లు స్టేజి వదిలి లోపలికి వెళ్లి వాయించుకుంటూ ఉండాలి. తలుపులు రెండు మూసి ఉన్నాయో లేదో ఒకరు చూసుకోవాలి. ఆ నలుగురినీ రెండేసి చొప్పున ముందూ వెనకా కాకుండా ఒకే వరుసలో కూర్చోబెడితే నాలుగో మనిషికి మొదటి మనిషి శ్రుతి వినిపిస్తుంది. ఈ చిన్న మార్పుతో ఆ భాగం ఎంత బాగుపడుతుందో చెప్పలేను.

ఇక పార్టులు. ఇక్కడే సగం కచేరీ గెలుస్తుంది లేదా ఓడుతుంది.

రొస్సీని తన రాతప్రతుల్లో కమాను గుర్తులు, చుక్కలు, గాఢత గుర్తులు ఒకచోట పెట్టి ఇంకోచోట పెట్టలేదు. పందొమ్మిదో శతాబ్దపు ముద్రాపకులు వాటిని తమకి తోచినట్టు పూరించారు, కొన్నిచోట్ల వాద్యాలే చేర్చారు. మన ప్రాచీన కావ్యాలకి తాళపత్ర ప్రతులు పోల్చి, పాఠభేదాలు చూపి పరిష్కర్తలు సిద్ధం చేసినట్టే, రొస్సీనికీ పరిష్కృత ముద్రణలు వచ్చాయి. ఆల్బెర్తో జెద్దా పరిష్కరించిన సెవీల్ మంగలి 1969లో రికోర్ది సంస్థ ప్రచురణగా వచ్చింది. తర్వాత పెసరోలోని రొస్సీని ఫౌండేషన్ మొత్తం రచనల పరిష్కరణకి పూనుకుంది, ఫిలిప్ గాసెట్ అందులో ప్రధాన పాత్ర వహించాడు. 1980లో పెసరోలో మొదలైన రొస్సీని ఒపేరా ఉత్సవం ఆ పరిష్కృత ప్రతులను రంగస్థలం మీదికి తెచ్చింది.

పరిష్కృత ప్రతిని అద్దెకి తెచ్చుకోవాలి, డబ్బు కావాలి. పాత ముద్రణ పార్టులు చాలా ఆర్కెస్ట్రాల బీరువాల్లో సొంతంగానే ఉంటాయి. ఏది వాడినా పర్వాలేదు, రెండూ కలపకూడదు. కండక్టర్ తన సొంత స్కోరు, అంటే అన్ని వాద్యాల సంగీతమూ ఒకేచోట ఉన్న పుస్తకం, తెచ్చుకుంటాడు, అది కొత్త ముద్రణ అనుకోండి. స్టాండ్ల మీద పాత పార్టులు ఉంటాయి. అతను ‘118వ గతి నుంచి’ (గతి అంటే సంగీతాన్ని నిలువు గీతలతో విడగొట్టిన ఒక్కో గడి, ఇంగ్లిష్‌లో బార్) అంటాడు. పార్టుల్లో గతుల సంఖ్యలు ఉండవు, చోట్లు గుర్తుపట్టడానికి వేసిన అక్షరాలు ఉంటాయి. అతని స్కోరులో అక్షరాలు ఉండవు. ప్రతిసారీ లెక్కపెట్టుకోవడంతో రిహార్సల్లో మంచి భాగం కరిగిపోతుంది. పైగా అతని పుస్తకంలో లేని స్వరం ఎక్కడో వినబడి ఆగిపోతాడు. అందుకని నెల ముందే కండక్టర్‌కి ఉత్తరం రాసి ఏ ముద్రణో, ఏ సంవత్సరం పునర్ముద్రణో అడగడం నా మొదటి పని. తేడా ఉంటే గతుల సంఖ్యలు అన్ని పార్టుల్లోనూ ప్రతి పంక్తి మొదట్లో పెన్సిల్‌తో వేసేస్తాను.

మేం పెట్టుకునే బలగం ఇది. మొదటి వయొలిన్లు 10, రెండో వయొలిన్లు 8, వయోలాలు 6, చెల్లోలు 6, బాస్‌లు 4. ఫ్లూట్, ఒబో, క్లారినెట్, బసూన్ రెండేసి, హార్న్‌లు 4, ట్రంపెట్లు 2, ట్రాంబోన్లు 3, టింపనీకి ఒకరు, మిగతా తాళ వాద్యాలకి నలుగురు. మొత్తం 56 మంది. తీగ వాద్యాల్లో ఇద్దరికి ఒక స్టాండు చొప్పున 17 ఫోల్డర్లు, మిగతావాళ్లకి మనిషికొకటి చొప్పున 22. మొత్తం 39. విలియం టెల్‌లో చెల్లోలకి అదనంగా కావలసిన స్టాండ్ల సంగతి తర్వాత చెబుతాను.

కమాను గుర్తులు ముందు స్పల్లా, అంటే మొదటి వయొలిన్ల నాయకుడు, తన పార్టులో వేసి ఇస్తాడు. దాన్ని చూసి రెండో వయొలిన్ల, వయోలా, చెల్లో, బాస్ నాయకులు తమవి వేస్తారు. ఆ తర్వాతే వెనక స్టాండ్లకి ఎక్కిస్తాం. ఈ వరస తప్పి అందరూ ఒకేసారి గుర్తులు వేసుకుంటే ఒకే వాక్యాన్ని వయొలిన్లు కమాను కిందికీ వయోలాలు పైకీ లాగుతూ మొదలుపెడతారు. 2బి పెన్సిల్ వాడాలి. గట్టి పెన్సిల్ కాగితంలోకి దిగిపోయి చెరగదు, మరీ మెత్తనిది పేజీకి పేజీ అంటుకుంటుంది. పేజీ తిప్పే చోట్లు కూడా అప్పుడే చూడాలి. విలియం టెల్ చివరి పరుగులో పేజీ తిప్పాల్సి వచ్చిందంటే లోపలి వైపు కూర్చున్న వాద్యకారుడు ఒకటి రెండు గతులు వదిలేస్తాడు, అంటే సగం వయొలిన్లు మాయమవుతాయి. అలాంటి చోట తర్వాతి పేజీ మొదటి రెండు పంక్తుల నకలు తీసి ముందు పేజీ అడుగున అతికిస్తే ఖాళీ దొరికేదాకా తిప్పనక్కర్లేదు.

బ్రుస్కీనో ఓవర్చర్ గురించి విడిగా చెప్పాలి. 1813 జనవరిలో వెనిస్‌లోని సాన్ మొయిజే థియేటర్లో మొదటిసారి వినిపించిన ఈ ఓవర్చర్లో రెండో వయొలిన్ల వాళ్లు కమానుతో స్టాండు మీద టకటక కొట్టాలి. ఆ రోజుల్లో స్టాండ్లకి కొవ్వొత్తి దీపపు రేకు కవచాలు ఉండేవి, వాటి మీద కొట్టేవాళ్లు. వినేవాళ్లకి సరదాగానే ఉంటుంది. వాయించేవాళ్లకి మాత్రం గుండె గుబగుబ, ఎందుకంటే మంచి పెర్నంబూకో కర్ర కమాను ఖరీదు లక్షల్లో ఉంటుంది. కొసన ఉండే తల భాగం అన్నిటికన్నా బలహీనం. కొసతో కొడితే ముందు ఎముక పలక చిట్లుతుంది, తర్వాత తలే విరుగుతుంది. కొట్టుడుకీ వాయింపుకీ మధ్య కమాను మార్చుకునే వ్యవధి లేదు. కాబట్టి ఆ ఓవర్చర్ మొత్తం చవక కమానుతోనో కార్బన్ ఫైబర్ కమానుతోనో వాయించి, సొంత కమానును కుర్చీ పక్కన పెట్టెలో ఉంచుకోమని రెండో వయొలిన్ల వాళ్లకి వారం ముందే కబురు పెడతాం.

కొట్టడానికీ పద్ధతి ఉంది. కర్ర కింది సగంతో, పిడికి ఓ జానెడు పైన, స్టాండు పళ్లెం అంచు మీద వెంట్రుకలు తగలకుండా కొట్టాలి. స్టాండు ఎత్తు మామూలుకన్నా నాలుగైదు సెంటీమీటర్లు తగ్గిస్తే చెయ్యి తేలిగ్గా పడుతుంది. స్టాండ్లన్నీ ఒకే రకంవి ఉండాలి. ఒకటి రేకుదీ, ఒకటి మడతపెట్టే సన్న ఊచలదీ ఉంటే ఒకటి టంగుమంటుంది, ఇంకోటి చప్పుడే చేయదు. పళ్లెం అంచుకి గుడ్డ టేపు ఒక పొర అంటిస్తే కర్రకి దెబ్బ తగలదు, చప్పుడు కూడా రేకు మోతలా కాకుండా పొడిగా, కర్రచప్పుడులా వస్తుంది. రెండు పొరలు వేస్తే వినబడదు. పార్టు జారిపడకుండా పళ్లెం అడుగున రెండు క్లిప్పులు పెట్టాలి. ఇంతా చేశాక, అందరూ కలిసి కొట్టడమన్నది అసలు పని. వేలితో మీటే స్వరం కన్నా కర్ర దెబ్బ ముందు వినిపిస్తుంది కాబట్టి చాలాసార్లు తొందరపడ్డట్టు ఉంటుంది. రెండో వయొలిన్ల నాయకుడి కమానునే చూస్తూ కొడితే కుదురుతుంది.

స్కాలా ది సేతా ఓవర్చర్ భారం ఒబో ఒక్కదాని మీద ఉంటుంది. నెమ్మది భాగంలో పాట, వేగభాగంలో నాలుకతో విడివిడిగా పలికించాల్సిన పరుగులు. ప్రపంచమంతా ఆర్కెస్ట్రా ఉద్యోగ పరీక్షల్లో ఒబో వాళ్లని అడిగేది ఇదే. వేగం నిర్ణయించాల్సింది కండక్టరే అయినా, ఒబో వాద్యకారుడు ఏ వేగంలో స్వరాలు విడిగా పలికించగలడో అతన్ని ముందే అడిగిన కండక్టర్ తెలివైనవాడు. అడగకపోతే మొదట్లో వయొలిన్లు ఉత్సాహంగా పరిగెత్తి, ఒబో వచ్చేసరికి అతను మింగలేక కక్కలేక ఉంటాడు.

ఇటాలియన్ పాత థియేటర్లు గుర్రపు నాడా ఆకారంలో, అంతస్తులు అంతస్తుల బాక్సులతో ఉంటాయి. పెసరోలోని రొస్సీని థియేటర్ కూడా అంతే. 1818లో దాన్ని గాత్సా లాద్రాతో, రొస్సీని స్వయంగా నడిపిస్తుండగా ప్రారంభించారు. ఈ థియేటర్లు గొంతు కోసం కట్టినవి. ఆర్కెస్ట్రాని స్టేజి మీదికి ఎక్కిస్తే శబ్దం పైనున్న తెరల గోపురంలోకి పోతుంది. వెనకా పక్కలా పైనా చెక్క పలకల గూడు కట్టకపోతే ట్రాంబోన్లు తప్ప ఏమీ బయటికి రావు. చాలాచోట్ల స్టేజి నేల ముందుకి వాలుగా ఉంటుంది. చెల్లో మేకు జారుతుంది కాబట్టి మనిషికో పట్టీ లేదా చెక్క ముక్క ఇవ్వాలి. టింపనీ చక్రాలకి బ్రేకు వేయడంతో పాటు ముందు ఒక చెక్క ముక్క అడ్డం పెట్టాలి.

గాత్సా లాద్రా స్నేర్ డ్రమ్ గిరగిరతో మొదలవుతుంది. రెండు డ్రమ్‌లు, స్టేజికి రెండు చివరల ఒకదానికొకటి జవాబిచ్చేలా పెట్టాలి. ఈ ఓవర్చర్‌ని విరామం తర్వాత పెట్టడానికి ఒక కారణం, డ్రమ్‌లు సర్దడానికి సమయం దొరకడం. ఇంకొకటి, కాఫీ తాగి కబుర్లాడుతూ వచ్చిన జనం ఆ మొదటి గిరగిరకి ఠక్కున కూర్చోవడం. రెండు డ్రమ్‌ల మధ్య పది మీటర్లు ఉంటే శబ్దం ఒక చివర నుంచి ఇంకో చివరకి చేరడానికి సెకనులో వందో వంతుకి మూడు రెట్లు పడుతుంది. చెవితో విని వాయించేవాడు ఎప్పుడూ ఆలస్యమే. ఇద్దరూ కండక్టర్ కర్రనే చూడాలి, అందుకు అడ్డంగా బాస్ వాద్యకారుల తలలు లేకుండా చూసుకోవాలి. ఇంకొకటి, స్నేర్ డ్రమ్ అడుగున ఉండే సన్న తీగలు వాయించనప్పుడు కూడా ఊరుకోవు. హార్న్ ఊదినా, బాస్ మోగినా జివ్వుమంటూ ఉంటాయి. పక్కనున్న మీట తిప్పి ఆ తీగలని వదులు చేయడం ప్రతి ఓవర్చర్ చివరా జరగాలి. నేను ఆ మాటని వాళ్ల పార్టులో ఎర్ర పెన్సిల్‌తో రాసి పెడతాను.

రిహార్సల్ రెండు రోజులు, పూటకి మూడు గంటల చొప్పున మూడు పూటలు, కచేరీ రోజు మధ్యాహ్నం రెండు గంటలు దొరికితే అదృష్టం. మొదటి పూట తీగ వాద్యాలు ఒక గదిలో, గాలి వాద్యాలు ఇంకో గదిలో విడివిడిగా చేస్తే మిగతా రెండు పూటలూ తేలికవుతాయి. ఆ సమయంలో ముఖ్యంగా పట్టాల్సింది రొస్సీని క్రెషెండో, అంటే శబ్దం క్రమంగా పెరుగుతూ పోయే భాగం.

దాని నిర్మాణం చూడండి. ఎనిమిది గతుల వాక్యం ఒకటి. షడ్జం మీది స్వరసమూహం, పంచమం మీది స్వరసమూహం, ఈ రెంటి మధ్యే అటూ ఇటూ. అదే వాక్యం రెండోసారి, మూడోసారి. మొదటిసారి తీగ వాద్యాలు మాత్రమే, చెవులు రిక్కించి వినాల్సినంత సన్నగా. రెండోసారి ఫ్లూట్లు, క్లారినెట్లు, హార్న్‌లు చేరతాయి. మూడోసారి ట్రంపెట్లు, టింపనీ, బేస్ డ్రమ్. అంటే పెరుగుదల స్కోరులోనే ఉంది. మనుషులు చేరుతూ ఉంటే శబ్దం దానంతటదే పెరుగుతుంది. వాద్యకారులేమో ‘క్రెషెండో’ అనే మాట చూడగానే తమ వంతు కూడా పెంచుతారు. అప్పుడు రెండో వాక్యం మధ్యలోనే గరిష్ఠ స్థాయికి చేరిపోతారు, మూడోదానికి ఇవ్వడానికి ఏమీ మిగలదు. శబ్దం పెరిగితే కాలం కూడా పరుగెడుతుంది. కర్ణాటక సంగీతంలో కాలప్రమాణం తప్పడమంటే ఎంత దోషమో ఇక్కడా అంతే, ఎందుకంటే ఈ సంగీతంలో ఉత్కంఠ పుట్టేదే వేగం కదలకుండా నిలబడి శబ్దం మాత్రం పెరగడం వల్ల.

పార్టుల్లో నేను ఏం చేస్తానంటే, రెండోసారి వాక్యం మొదలయ్యే చోట తీగ వాద్యాలన్నిటికీ మళ్లీ ‘పియానో’ గుర్తు, అంటే మెల్లగా అన్న గుర్తు, వేస్తాను, కండక్టర్ ఒప్పుకుంటే. కమాను కొలత కూడా చెప్పుకోవాలి. మొదటిసారి కొసన మూడు నాలుగు సెంటీమీటర్లు, రెండోసారి మధ్య భాగంలో పది సెంటీమీటర్ల దాకా, మూడోసారి సగం కమాను. కొన్ని ఓవర్చర్లలో రొస్సీని మొదటి వాక్యానికి గుర్రం దగ్గర, అంటే తీగల్ని మోసే చెక్క పలక మీదికి, వాయించమన్నాడు. గాజు రాపిడిలాంటి సన్నని శబ్దం వస్తుంది. పాత ముద్రణల్లో ఆ మాట చాలాచోట్ల ఎగిరిపోయింది. అదుంటే మొదటి వాక్యం ఎలాగూ గట్టిగా రాదు, సగం సమస్య తీరిపోతుంది.

సాధన చేయించేటప్పుడు వాక్యాల్ని తిరగేసి వాయించడం నేను చూసిన పద్ధతుల్లోకెల్లా మంచిది. ముందు మూడో వాక్యం, పూర్తి మోతతో. తర్వాత రెండోది. చివరగా మొదటిది. పైమెట్టు ఎక్కడుందో చెవికి తెలిశాక కిందిమెట్టు ఎంత కింద ఉండాలో అర్థమవుతుంది. బేస్ డ్రమ్ వాద్యకారుడికి విడిగా ఒక మాట చెప్పాలి. పెద్ద తోలు కాబట్టి దెబ్బ పడ్డాక మోత బయటికి రావడానికి కాస్త సమయం పడుతుంది, అతను కండక్టర్ కర్ర కన్నా కాసింత ముందుండాలి. పొడిగా ఉండే పాత థియేటర్లో మెత్తటి పెద్ద గుండు కన్నా గట్టి గుండు నయం. రొస్సీని కాలంలో బేస్ డ్రమ్ వాడికే సింబల్స్ కూడా అప్పగించేవాళ్లు, ఒక సింబల్ డ్రమ్ మీదే బిగించి. ఇద్దరు మనుషులుంటే రెండూ విడివిడిగా పడకుండా పక్కపక్కనే నిలబడాలి.

విలియం టెల్ ఓవర్చర్ నాలుగు భాగాలు ఆగకుండా సాగుతాయి. తెల్లవారడం, తుఫాను, పశువుల కాపరి పాట, సైనికుల పరుగు. మొదటి భాగంలో ఐదు చెల్లోలకి ఐదు వేర్వేరు పంక్తులు. మామూలుగా ఇద్దరికొక స్టాండు చొప్పున ఆరుగురికి మూడు స్టాండ్లుంటే ఇక్కడ కుదరదు. ఐదుగురికీ ఐదు పార్టులు, ఐదు స్టాండ్లు కావాలి, ఆరో మనిషికి ఇంకొకటి. విరామంలోనే మూడు స్టాండ్లు అదనంగా తెచ్చి పక్కకి వాల్చి ఉంచి, టెల్‌కి ముందు లేపుతాం. ఆ ఐదుగురూ అర్ధచంద్రాకారంగా, ఒకరికొకరు కనబడేలా జరిగితే శ్రుతి కుదురుతుంది. తుఫానులో ట్రాంబోన్లు తమకిచ్చిన పరుగుల్ని సంతోషంగా ఊదేస్తారు. చిన్న థియేటర్లో వాళ్లని వెనక గోడకి ఆనించకుండా పక్కకి తిప్పి కూర్చోబెట్టాలి, ముందున్న బసూన్ వాళ్ల చెవులు కాపాడటానికి పారదర్శక పలకలు పెట్టాలి.

తుఫాను అణిగాక ఇంగ్లిష్ హార్న్, ఫ్లూట్, కింద ట్రయాంగిల్. ఇంగ్లిష్ హార్న్ పేరుకే హార్న్, నిజానికి ఒబో జాతి వాద్యం. అది రెండో ఒబో వాద్యకారుడి చేతిలో ఉంటుంది. గంటన్నర సేపు స్టాండు మీద నిలబడి చల్లబడ్డ వాద్యం శ్రుతి కిందికి దిగిపోతుంది, రీడ్ ఎండిపోతుంది. తుఫాను మొదలైనప్పుడే ఒళ్లోకి తీసుకుని గుడ్డ కప్పుకుని, లోపలికి చప్పుడు లేకుండా వెచ్చటి గాలి ఊదుతూ ఉండాలి. రీడ్‌ని చిన్న సీసాలో నీళ్లలో తడిపి ఉంచాలి. ఆ పార్టును రొస్సీని అప్పటి ఇటాలియన్ అలవాటు ప్రకారం బేస్ క్లెఫ్‌లో, అంటే మామూలుగా కింది స్థాయి వాద్యాలకి వాడే లిపి పద్ధతిలో, రాశాడు. పాత పార్టు అలాగే వస్తే వాద్యకారుడికి చదవడం ఇబ్బంది. మార్చి రాసిన పేజీ ఒకటి సిద్ధంగా ఉంచుతాను.

ఆ పాట పూర్తవగానే ట్రంపెట్ పిలుపు. అందరికీ తెలిసిన ఆ పిలుపుకి ముందు ట్రంపెట్లు మూడు నిమిషాలు ఖాళీగా ఉంటాయి. అంతలో, ఊపిరి తేమ వల్ల వాద్యం గొట్టంలో చేరిన నీళ్లు వదిలేసుకోవాలి. చివరి పరుగు నిమిషానికి 152 దెబ్బల దగ్గర మొదలుపెడితే తీగ వాద్యాల కమాను దానంతటదే ఎగిరిపడుతుంది. 160 దాటితే ఎగరడం మానేసి గీకుతుంది, ఆ లయలో వెంటవెంటనే వచ్చే రెండు పొట్టి స్వరాలూ ఒకటైపోతాయి. వేగంగా వాయిస్తే ఉత్సాహం వస్తుందనుకుంటారు గానీ, ఆ రెండు పొట్టి స్వరాలూ విడివిడిగా వినబడినప్పుడే గుర్రపు డెక్కల లయ తెలుస్తుంది.

కచేరీ రోజు చలి గురించి రెండు మాటలు. పెసరోలో ఫిబ్రవరి అంటే సముద్రపు తేమ, చలి. రిహార్సల్‌కి హీటింగ్ తగ్గించి, కచేరీకి జనం వస్తారని పెంచడం కొన్ని థియేటర్ల అలవాటు. ఒక్క డిగ్రీ పెరిగితే గాలి వాద్యాల శ్రుతి అర్ధస్వరంలో వందో వంతుకి సుమారు మూడు రెట్లు పైకి పోతుంది, దీపాల వేడికి తీగల శ్రుతి కిందికి దిగుతుంది. ఐదు డిగ్రీల తేడా వస్తే రెండు వర్గాలూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ ఉంటాయి. హీటింగ్‌ని మధ్యాహ్నం రిహార్సల్‌కే రాత్రి స్థాయికి పెట్టించాలి. ఇటలీలో 1989 నాటి చట్టం ప్రకారం ప్రామాణిక శ్రుతి (సెకనుకి కంపనాల లెక్కన) 440, ఆర్కెస్ట్రాలు ఎక్కువగా 442కి చేస్తాయి. అద్దెకి తెచ్చిన వాద్యాలేమైనా ఉంటే ముందే చెప్పాలి.

పుట్టినరోజు కాబట్టి ప్రసంగాలుంటాయి. ఐదు నిమిషాలని మొదలై పదిహేను అవుతాయి. ఆర్కెస్ట్రా శ్రుతి చేసుకుని కూర్చున్నాక ప్రసంగాలు పెడితే రీడ్లు ఎండిపోతాయి, హార్న్‌లు చల్లబడతాయి. ప్రసంగాలు ముగిశాకే వాద్యకారులు లోపలికి రావాలని నిర్వాహకులతో రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి, నోటిమాట సరిపోదు.

జనం చప్పట్లు ఆపకపోతే మళ్లీ వాయించేది టెల్ చివరి భాగమే, ట్రంపెట్ పిలుపు నుంచి. ఏ గతి నుంచో అందరి పార్టుల్లోనూ రంగు కాగితపు చీటీ అంటించి ఉంచాలి. చెల్లోల వాళ్లకి మొదటి భాగం విడి పార్టు కాబట్టి చీటీ వేరే కాగితంలో ఉంటుంది, వాళ్లకి రిహార్సల్లోనే ఒకసారి చూపించాలి. సింబల్స్ వాద్యకారుడు అయిపోయిందనుకుని కట్లు విప్పేయకుండా ఆ చీటీయే ఆపుతుంది.

తెర పడ్డాక ఫోల్డర్లు వెంటనే సేకరించాలి, 39 లెక్క సరిపోవాలి. తక్కువ పడేవి ఎక్కువగా బాస్, తాళ వాద్యాలవి, ఎందుకంటే సాధనకి ఇంటికి పట్టుకెళ్లేది వాళ్లే. అద్దె పార్టులైతే పెన్సిల్ గుర్తులన్నీ చెరిపి పంపాలి. చెరిపే ముందు ప్రతి విభాగం మొదటి స్టాండు పార్టుల్ని స్కాన్ చేసుకుంటే వచ్చే ఏడు స్పల్లా పని వారం నుంచి ఒక పూటకి తగ్గుతుంది. ఆ తర్వాత హక్కుల సంస్థకి పంపే కార్యక్రమ పత్రం నింపాలి. రొస్సీని మీద హక్కులు లేకపోయినా పరిష్కృత ముద్రణల మీద కొన్నేళ్లు ఉంటాయి, కాబట్టి ప్రతి ఓవర్చర్ పక్కనా ఏ ముద్రణ వాడామో రాయాలి. చివర్లో మళ్లీ వాయించిన టెల్ ముక్కకి కూడా విడిగా ఒక వరస నింపాలి.